నేరేడు రంగు సీసా

నేరేడు పళ్లు రాలే రోజులొస్తే ముసలి ఎద్దు పోలయ్యకి మడుగు దగ్గర కాళ్లు ఆగిపోతాయి. తాగడానికి వంచిన మూతి అలాగే ఉంచి, నీళ్లలో పడ్డ పండు నుంచి రంగు పాకడం చూస్తూ నిలబడతాడు. దూడలు నవ్వుకుంటాయి. నవ్వనీ, వాటికి తాబేలు మేష్టారి బడి తెలియదు.

దూడగా ఉన్నప్పుడు ఆ బడిలో పోలయ్య మూడో తరగతి రెండోసారి చదివాడు. ఆ ఏడు మేష్టారు తలా ఒక గాజు సీసా ఇచ్చి, కలపకుండా కదపకుండా, రంగు తనంతట తానే నీళ్లలో వ్యాపించడం చూపించమన్నారు. చూపించలేనివాళ్లకి మళ్లీ అదే తరగతి. ఇంకో ఏడు కూడా కుందేలు పిల్లల పక్కన కూచోవాలంటే పోలయ్యకి చచ్చేంత సిగ్గు.

సీసాలో నీళ్లు పోశాడు. నేరేడు రసంలో బెల్లం కలిపి, బోలు గడ్డికాడలోంచి మెల్లగా అడుక్కి దింపాడు. అడుగున ఊదా, పైన తేట. బండ మీద పెట్టి నాలుగు రోజులు దాని ముందే పడుకున్నాడు. రంగు కొంచెం కొంచెంగా పైకి పాకింది.

అదే తరగతి చదివే నక్క గంగులు రోజూ పీతల వేటకి పోతూ ఆగేవాడు.

“ఏరా, కడుపులో చల్ల కదలకుండా కూచున్నావు?”

“పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేల్రా,” అనేవాడు పోలయ్య.

గంగులు సీసాలో వట్టి నీళ్లే ఉన్నాయి. ఐదో రోజు పొద్దున పోలయ్య మేతకి వెళ్లగానే తన సీసా అక్కడ పెట్టి, రంగు సీసా నోట కరుచుకుని గట్లూ పుట్టలూ దూకుతూ బడికి పరుగెత్తాడు. చేరేసరికి నీళ్లన్నీ ఒకటే ఊదా. ఇంకా మంచిదనుకుని మురిసిపోయాడు.

మేష్టారు సీసాని చాలాసేపు చూశారు. రంగు పాకడం ఏదీ అని అడిగారు.

“అయిపోయింది మేష్టారూ. నాలుగు రోజులు పట్టింది.”

“మొదటి రోజు ఎంతదాకా వచ్చింది?”

గంగులు పక్కన కూచున్న కోతి వంక చూశాడు. కోతి చెట్టు వంక చూసింది.

“గోరంత,” అన్నాడు వెనక నుంచి పోలయ్య. బండ మీద దొరికిన వట్టి నీళ్ల సీసా తెచ్చి మేష్టారి ముందు పెట్టాడు. “రెండో రోజు గోరున్నర. మూడో రోజు తుంపర పడితే తల అడ్డం పెట్టాను మేష్టారూ.”

మేష్టారికి ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది. “రసం మిగిలిందా? ఆ నీళ్లలోనే మళ్లీ పెట్టు. ఇవాళ పాఠం అదే,” అన్నారు.

పోలయ్య గడ్డికాడ దింపాడు. బడంతా సాయంత్రం దాకా కదలకుండా కూచుంది, కోతితో సహా. గీసినట్టున్న అంచు మసకబారి, పైనున్న తేట నీళ్లకి గోరంత మేర లేత ఊదా పట్టింది. మేష్టారు పోలయ్యని నాలుగో తరగతికి పంపి, గంగుల్ని మూడులోనే ఉంచారు. ఆ రోజంతా సీసాకి అందరికంటే దగ్గరగా కూచున్నది గంగులే.

“నాలుగు రోజులూ ఇది చూశావట్రా?” అని చిన్నగా అడిగాడు.

ఇప్పుడు బడి లేదు, మేష్టారు లేరు, గంగులూ లేడు. వాడి మీద కోపం ఏనాడో పోయింది. మడుగులో పండు పడినప్పుడల్లా, వాడు పక్కన ఉంటే బాగుండేదనిపిస్తుంది పోలయ్యకి.

దొంగకి సీసా దక్కుతుంది గానీ, దాని ముందు కూచున్న నాలుగు రోజులు దక్కవు.