పదిహేడో వరుస

కొండకింది దర్గాలో మౌలాలి బాబా మూర్ఛరోగులకు ఉచితంగా మాత్రలిచ్చేవారు. మాత్రలు రాగానే అందరికీ కబురు పెట్టడం శిష్యుడు దస్తగిరి పని. వాడు పాత నోటుపుస్తకంలోని పేర్లన్నీ కంప్యూటర్ పట్టికలోకి ఎక్కించాడు. ఒక్క మీట నొక్కితే అందరి ఫోన్లకూ కబురు పోయేలా మాక్రో అనే చిన్న ప్రోగ్రాం రాశాడు.

ఆ గురువారం మాత్రలు రాగానే, మొదటిసారి బ్రౌజర్‌లో పట్టిక తెరిచి నొక్కితే, పదిహేడో వరుస దగ్గర ఎర్రక్షరాలు చూపించి ఆగిపోయింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ అక్కడే. బ్రౌజర్ మూసి తెరిచాడు, ఇంకో బ్రౌజర్‌లో చూశాడు. ఊహూఁ. పైనున్న పదహారుమందికీ అదే కబురు పదిసార్లు పోయింది, పాపం. మధ్యాహ్నం దాకా తల బద్దలు కొట్టుకున్నాడే గానీ, ఆ వరుసలో ఏముందో చదివిన పాపాన పోలేదు మహానుభావుడు!

చివరికి మాక్రోలో ఒక లైను చేర్చాడు: తప్పు వస్తే ఆగకు, దాటిపో. అంతే, గడగడా చివరిదాకా పోయింది.

"బాగైపోయింది బాబా! ఎర్రక్షరమన్నదే లేదు," అంటూ ఎగురుకుంటూ వచ్చాడు.

"ఏం చేశావురా?"

చెప్పాడు. బాబా "ఓహో" అన్నారు.

భోజనాల వేళైంది. బాబా వచ్చి దస్తగిరి ముందున్న పళ్లెం తీసి పక్కన పెట్టారు. తర్వాత వడ్డన మొదలుపెట్టారు. అందరికీ సంగటి వేస్తూ వాణ్ణి దాటిపోయారు. పప్పు తెచ్చారు, మళ్లీ దాటిపోయారు.

వాడికి ఒళ్లు మండింది. "బాబా, మరి నాకు?"

"నీకు పళ్లెం లేదు కదరా. నీ దగ్గర ఆగితే బంతంతా ఆగిపోదూ?"

"పళ్లెం లేకపోతే ఆకలి లేనట్టా బాబా?"

అనేశాక వాడికే ఏదో తట్టింది. లేచి కంప్యూటర్ దగ్గరికి పోయాడు.

పదిహేడో వరుస. వన్నూరమ్మ. ఫోన్ నంబరు ఉండాల్సిన గడిలో ఇలా ఉంది: "ఫోన్ లేదు. ఇంటికి పోయి చెప్పాలి. ఒక్కరోజు మాత్ర తప్పినా పడిపోతుంది." నోటుపుస్తకం చూసి ఆ మాటలు ఎక్కించింది తనే. సిగ్గుతో చచ్చిపోయాడు.

తాను చేర్చిన లైను చెరిపేసి మీట నొక్కాడు.

"మళ్లీ అక్కడే ఆగింది బాబా," అన్నాడు, తల దించుకుని.

బాబా మాత్రల పొట్లం వాడి చేతిలో పెట్టారు.

"అది ఆగింది కదా. ఇక నువ్వు కదులు."