ఏటి నడుమ సమావేశం

పూలకోటను శత్రువులు చుట్టుముట్టి మూడు నెలలైంది. ఆదుకుంటామంటూ ఏడుగురు రాజులు కూటమి కట్టి, పదకొండు సమావేశాలు, పదకొండు విందులు దిగ్విజయంగా ముగించారు. బాణాల బండ్లు మాత్రం ఏటి ఒడ్డునే ఉన్నాయి. ముందు ఎవరి బండి కదలాలో తేలలేదు మరి!

పన్నెండో విందుకు కూటమి పెద్ద చండవర్మ పల్లకీలో ఏరు దాటుతున్నాడు. మోసే నలుగురిలో పెద్దవాడు పోలయ్య. అతని కూతురూ మనవలూ ఆ కోటలోనే చిక్కుకున్నారు. నడి ఏట్లో పోలయ్య ఆగాడు. మిగతా ముగ్గురూ ఆగారు. చూస్తుండగానే నీళ్లు నడుములదాకా పెరిగాయి.

"కదలరేంరా! పల్లకీలోకి నీళ్లొస్తున్నాయి!"

"చూశాం ప్రభూ, చాలా బాధపడుతున్నాం," అన్నాడు పోలయ్య వినయంగా. "ముందు ఎవరి కాలు కదలాలో తేలలేదు. సమావేశం పెట్టుకున్నాం."

"ఈలోగా నేను మునిగిపోతే?"

"మునిగేదాకా మా పూర్తి మద్దతు మీకే ప్రభూ."

"నీకేం కావాలిరా?"

"నాకేం వద్దు. ఒడ్డున ఆ బండ్లు కదిలితే మా కాళ్లకీ ధైర్యం వస్తుంది."

చండవర్మ పెట్టిన కేకకు ఏడు రాజ్యాల బండ్లూ ఒక్కసారే కదిలాయి.

కూటమి చరిత్రలో ఏదైనా తేలిన సమావేశం అదొక్కటే. విందు లేనిదీ అదొక్కటే.