గవరయ్య ఎగ్గొట్టిన తవ్వకం

గులకమెట్ట వాలులో జంతువుల వీధి ఒకటుంది. అన్నిటికన్నా పైన ఎద్దు బసవన్న కొట్టం, దాని కింద మేక పుల్లమ్మ ఇల్లు, ఆ కింద నక్క గవరయ్య బొరియ, అట్టడుగున ముళ్లపంది అంకమ్మ ఇల్లు. మురుగు గొట్టం పుల్లమ్మ ఇంటిదాకా వచ్చి ఆగిపోయింది. అక్కణ్ణుంచి నీళ్లన్నీ చిన్న కాలువై, గవరయ్య గుమ్మం పక్కగా జారి, అంకమ్మ వాకిట్లో మడుగు కట్టేవి.

అసలే ఒంటినిండా ముళ్లు, ఆపైన వాకిట్లో కంపు. ఇంకెవరొస్తారండీ? పాపం అంకమ్మ రోజూ అరుగు తుడిచి, కాసిని చిలగడదుంపలు ఉడకబెట్టి కూర్చునేది. పొద్దుగూకేదాకా వీధివైపు చూసి, ఒక్కతే తిని పడుకునేది. ఎప్పుడన్నా దగ్గితే తన గొంతు తనకే కొత్తగా ఉండేదంటే చూడండి!

ఒకనాడు బసవన్న అందర్నీ పిలిచాడు. "గొట్టాన్ని అంకమ్మ ఇల్లు దాటించేద్దాం. గొట్టాల ఖర్చు అందరిదీ. చివర ఇంకుడుగుంత నేనూ పుల్లమ్మా తవ్వుతాం. మధ్యలో ఎవరింటి ముందు ముక్క వాళ్లే తవ్వి, గొట్టం వేసి, పూడ్చాలి."

"నా గుమ్మంలో నీళ్లు నిలవడం లేదుగా మావా, నాకెందుకీ గోల?" అన్నాడు గవరయ్య.

"నిలవవు నాయనా, నీవి కూడా కలుపుకుని ఆవిడ వాకిట్లోకి పోతాయి!" అని పుల్లమ్మ గడ్డం ఊపింది.

గవరయ్య మెల్లగా జారుకున్నాడు. నేరుగా అంకమ్మ ఇంటికెళ్లాడు.

"అత్తా, నీ గోళ్లముందు పలుగూ పారా ఏపాటి! నా ముక్క కూడా నువ్వే తవ్వెయ్యి. అయ్యాక రోజూ సాయంత్రం నీ అరుగుమీదే ఉంటా. కబుర్లే కబుర్లు."

"రోజూనా అల్లుడూ?"

"రోజూనే!"

అంకమ్మ ముళ్లన్నీ ఆనందంతో గలగలలాడాయి. "అయితే ఒకటి. నీ ముక్క తవ్వేటప్పుడు పక్కన కూర్చుని మాట్లాడుతూ ఉండు. కబుర్లు అప్పుడే మొదలెడదాం."

"ఓ, అంతకన్నానా!"

అంకమ్మ తన ముక్క తవ్వి, గొట్టం వేసి, దుంపల గిన్నె పట్టుకుని గవరయ్య గుమ్మం ముందుకొచ్చింది. "ఇవాళ తలనొప్పత్తా," అన్నాడు లోపల్నుంచి. మర్నాడు చుట్టాలొచ్చారన్నాడు. ఆ తర్వాత పలకనే లేదు, తోక మాత్రం గుమ్మంలో కనిపిస్తూనే ఉంది.

"ఒక్కదాన్నే తవ్వుకోవడం మా ఇంటిదగ్గర అయిపోయింది అల్లుడూ," అంది అంకమ్మ. "ఇక్కడా ఒక్కదాన్నే అయితే ఈ ముక్క నీదే." గిన్నె తీసుకుని వెళ్లిపోయింది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. అడిగేవాళ్లుంటేగా!

గవరయ్య తవ్వలేదు సరిగదా, తవ్వినట్టు కనబడాలని ఆ పాత కాలువనిండా మట్టి పోసి, గుమ్మం ముందంతా నున్నగా తొక్కేశాడు.

"అయిందా?" అన్నాడు బసవన్న.

"చూడు మావా, అద్దంలా ఉంది!"

బసవన్న సరేనని కొట్టం కడిగి కుడితి నీళ్లన్నీ వదిలాడు. ముందుకు పోదామంటే గొట్టం లేదు, పక్కకు పోదామంటే కాలువ లేదు. నీళ్లు బుడబుడమంటూ గవరయ్య బొరియలోకి దిగాయి. లోపల్నుంచి ఒక కేక, ఆ వెనకే చెవుల్దాకా తడిసిన గవరయ్య!

"ఇల్లు బాగా కడుక్కుంటున్నావే!" అని పుల్లమ్మ తలుపేసుకుంది. "ఛీ, ఆ కంపేంట్రా, దూరం, దూరం," అన్నాడు బసవన్న.

వీధిలో ఇక మిగిలిన పొడి గుమ్మం అంకమ్మదొక్కటే. గవరయ్య వణుకుతూ అక్కడికెళ్లి తలొంచుకుని నిలబడ్డాడు.

"రా అల్లుడూ, లోపలికి రా," అంది అంకమ్మ. "కంపు నాకు అలవాటే."

తెల్లారగానే బసవన్న గవరయ్య చేతికి పలుగిచ్చి వాడి ముక్క వాణ్ణే తవ్వమన్నాడు. అంకమ్మ గట్టుమీద కూర్చుని, ఇన్నేళ్లుగా దాచుకున్న మాటలన్నీ ఒకదాని వెనక ఒకటి చెప్పుకుంటూ పోయింది. గవరయ్య నోటినిండా పలుగుకి ఎగిరిన మట్టి, బదులు చెప్పే వీల్లేదు, లేచిపోయే వీల్లేదు. సాయంత్రానికి గొట్టం కలిసింది. గవరయ్య పలుగు కింద పడేశాడు.

"అప్పుడే అయిపోయిందా?" అంది అంకమ్మ. "ఇంకో మూర తవ్వరాదూ?"

ఎగ్గొట్టిన వాటా ఎటూ పోదండీ, ఎగ్గొట్టినవాడి ఇంట్లోనే పొంగుతుంది.