పీయూషమ్మ తలుపు మూసుకున్న కథ

అనగనగా ఒక రాజ్యం. ఆ రాజ్యానికి రెండు కాళ్ళున్నాయి. అది పొద్దున్నే లేచి ముఖం కడుక్కుంటుంది, బావి దగ్గరికి వెళ్ళి నీళ్ళు తోడుకుంటుంది, అత్తగారు ఏమన్నా అంటే వినబడనట్టు ఊరుకుంటుంది. రాజ్యం నీళ్ళు తోడడమేమిటని నవ్వకండి. ఆ రాజ్యం ఒక మనిషి. పేరు సునంద. ఆమెకు నెలలు నిండుతున్నాయి.

ఆ రాజ్యంలో ఒక ఎర్రని ఏరు అన్ని ఊళ్ళనూ చుట్టి వస్తుంది. పైన కోటలో మెదడు మహారాజు. కోట అడుగు అంతస్తులో పర్యంకమ్మ ఉంటుంది. ఎక్కడ దాహమైనా, ఆకలైనా, వేడైనా, చలైనా ముందుగా తెలిసేది ఆమెకే. ఆ కోట కింద, ముక్కుకు బాగా వెనగ్గా, ఎముకలో గుర్రపు జీను ఆకారంలో తొలిచిన ఒక చిన్న పీట ఉంది. ఆ పీట మీద కూర్చునేది పీయూషమ్మ. మనిషి బఠాణీ గింజంత. పైనున్న అక్క పర్యంకమ్మకూ ఆమెకూ మధ్య ఒక సన్నని కాడ. కొమ్మకు పండు వేలాడినట్టు పీయూషమ్మ ఆ కాడకు వేలాడుతూ ఉంటుంది.

ఆమె ఇంటికి రెండు గదులు. ముందుగది వంటగది. అక్కడ రకరకాల రసాలు తనే కాచి, చుక్కలు చుక్కలుగా ఏట్లో వదులుతుంది. ఒక చుక్క సునంద చిన్నప్పుడు ఆమె ఎముకలను పొడుగు సాగించింది. ఒక చుక్క బిడ్డ పుట్టే వేళకు రొమ్ములో పాలు సిద్ధం చేయిస్తుంది. ఇంకొక చుక్క మెడలో ఉండే అవటయ్యను పనికి లేపుతుంది. సీతాకోకచిలుకలా రెక్కలు పరచుకొని కూర్చునే అవటయ్యే ఒళ్ళంతటికీ వేడినీ చురుకునూ పంచేవాడు. ఏరు అన్ని గుమ్మాల ముందు నుంచీ పోతుంది గానీ, ఎవరి చుక్క వారికే తెలుస్తుంది.

వెనకగది మాత్రం ఉత్త కొట్టు. అక్కడ పొయ్యి లేదు. పర్యంకమ్మ పైన కాచిన రెండు రసాలు కాడ వెంట దిగి వచ్చి అక్కడ నిలవ ఉంటాయి. అక్క వదలమన్నప్పుడు ఈమె వదలాలి, అంతే.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. చుక్క అందుకున్నవారు పని చేసి, చేసినదాంట్లో కొంచెం ఏట్లో పైకి పంపాలి. దాన్ని మరుపలుకు అంటారు. అవటయ్య మరుపలుకు రుచి చూడగానే పర్యంకమ్మ, పీయూషమ్మ ఇద్దరూ "ఇక చాలు" అని చేయి ఆపుతారు. అది పలచబడితే మళ్ళీ మొదలుపెడతారు. ఎవరూ ఎవరినీ కసరరు. పని చల్లగా సాగిపోతుంది.

ఇలా ఉండగా నాలుక వచ్చింది. నరం లేని నాలుక కదా, ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. ఆ రాజ్యంలో దానికి మించిన పొగడ్తలరాయుడు లేడు.

"అమ్మా పీయూషమ్మా! పండితులు నిన్ను ఏమంటున్నారో విన్నావా? రసాలు కాచే గ్రంథులన్నిటికీ నాయకురాలివట! అంతటి దానివి, నీకు ఈ అణకువ ఏమిటమ్మా?"

పీయూషమ్మ మొదట నవ్వి ఊరుకుంది. కానీ నాలుక చెవిలో ఇల్లు కట్టుకొని పోరింది. వినగా వినగా ఆమెకూ రుచించింది. బఠాణీ గింజంత మనిషి ఉబ్బి రేగిపండంత అయింది.

"అవటయ్య నీ పనివాడు. పనివాడు చాలంటే రాణి ఆపేస్తుందా?" అంది నాలుక.

"నిజమే సుమా," అంది పీయూషమ్మ.

ఆ రోజు మరుపలుకు వచ్చింది. ఆమె రుచి చూడలేదు. చుక్కల మీద చుక్కలు వదులుతూనే పోయింది. అవటయ్య ఊపిరి సలపకుండా పని చేశాడు. సునంద ఒళ్ళు సెగలు కక్కింది. గుండె పరుగులు తీసింది, చేతులు వణికాయి, కంటికి కునుకు లేదు.

"అమ్మా, చాలమ్మా! నా వల్ల కావడం లేదు. లోపల పసిబిడ్డ కూడా ఉంది తల్లీ," అని అవటయ్య కబురు మీద కబురు పంపాడు. పీయూషమ్మ విననట్టే కూర్చుంది.

పర్యంకమ్మ కాడలోంచి పిలిచింది. "చెల్లీ, ఏమిటే ఇది? చేయి ఆపవే!"

నాలుక వెంటనే అందుకుంది. "చూశావా? నీ పేరు చూసి మీ అక్కకు కన్నుకుట్టింది."

పీయూషమ్మకు ఒళ్ళు మండింది. "ఇకనుంచి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు," అని కాడ తలుపు ధడాలున మూసేసింది.

అక్కడే ఆమె పప్పులో కాలేసింది. ముందుగదిలో పొయ్యి ఆమెదే గానీ, ఆ పొయ్యికి నిప్పు అక్క మాట. మాట రావడం ఆగేసరికి మంట తగ్గింది. మొన్నటిదాకా ఉరుకులు పెట్టిన అవటయ్య ఇప్పుడు పిలిచేవారు లేక తూలిపోయాడు. సెగలు పోయి సునందకు నీరసం పట్టుకుంది. ఎండలో కూర్చున్నా చలి వేసింది.

తరువాత దాహం మొదలైంది. నడుముకు రెండు వైపులా చిక్కుడుగింజల్లా వృక్కన్నలని కవలలు ఉంటారు. నీటి తూములకు కాపలా వాళ్ళే. వెనకగదిలోని రసం ఒక చుక్క అందితే వాళ్ళు తూము బిగించి నీళ్ళు మిగులుస్తారు. ఇప్పుడు కొట్టులో ఉన్న కాస్తా అయిపోయింది, పైనుంచి కొత్తది దిగలేదు. తూములు బార్లా తెరుచుకున్నాయి. సునంద కడవ దించకుండా తాగింది. తాగినవి తాగినట్టే పోయాయి. పెదవులు పగిలాయి.

"ఒక్క చుక్క పంపమ్మా! ఏరు ఎండిపోతోంది," అని వృక్కన్నలు మొర పెట్టుకున్నారు.

పీయూషమ్మకు తన తప్పు తెలిసింది. అయినా బెట్టు వదల్లేదు. తప్పు చేశానని తెలిసినవాళ్ళకే తలుపు తీయడం మరీ కష్టం.

అంతలో సునందకు నొప్పులు వచ్చాయి.

పొద్దు ఎక్కుతుండగా మంత్రసాని గున్నమ్మ వచ్చింది. గర్భాశయం బిడ్డను బయటికి నెట్టడానికి సిద్ధంగా నిలబడింది. కాసేపు నెట్టింది. ఆపైన సత్తువ చాలలేదు. "తల్లీ పీయూషమ్మా! కాన్పు చుక్క పంపు. బిడ్డ దారిలో ఉంది, ఆలస్యం చేస్తే దక్కదు!" అని కేక వేసింది.

పీయూషమ్మ ఉలిక్కిపడి వెనకగదికి పరుగెత్తింది. తలుపు తోసి చూసింది. కొట్టు ఖాళీ. ఒక్క చుక్క లేదు. ముందుగదిలోకి ఉరికి కాచబోయింది. ఆ రసం ఎలా కాచాలో ఆమెకు తెలియదు. ఆమె ఏనాడూ దాన్ని కాచలేదు. ఇన్నాళ్ళూ తనదనుకొని పంచినది అక్క పంపినది.

"నాయకురాలివి కదమ్మా, ఏదో ఒకటి చెయ్యి," అని నాలుక గొణిగింది. అదీ ఎండి అంగిటికి అంటుకుపోయింది.

పీయూషమ్మ పరుగున వెళ్ళి కాడ తలుపు తీసింది. "అక్కా! తప్పైపోయిందక్కా. నన్ను ఏమన్నా అను, పడతాను. ఆ బిడ్డను మాత్రం చంపుకోలేనక్కా!"

పర్యంకమ్మ తిట్టలేదు. తలుపు మూసిన నాటి నుంచీ ఆమె ఆ తలుపు అవతలే కాచుకొని కూర్చుంది. "పిచ్చిదానా, రసం కాచి పెట్టుకునే ఉన్నానే. పట్టుకో," అని వదిలింది.

చుక్కలు కాడ వెంట జలజలా దిగాయి. కొన్ని తూములకు పోయాయి, నీళ్ళు నిలిచాయి. కొన్ని గర్భాశయానికి చేరాయి. అది బలంగా ఒకసారి నెట్టింది. నెట్టగానే పైకి కబురు వచ్చింది. ఎప్పుడూ వచ్చే "చాలు" కాదది. "ఇంకా!" అని వచ్చింది. కాన్పు లాంటి వేళల్లోనే అలాంటి మరుపలుకు వస్తుంది. పీయూషమ్మ చెవి ఒగ్గి విన్నది, ఇంకా పంపింది. గర్భాశయం మళ్ళీ నెట్టింది. మళ్ళీ "ఇంకా!" అక్క పైనుంచి అందిస్తుంటే చెల్లెలు కిందికి వదులుతూ పోయింది.

కెవ్వుమని ఏడుపు వినబడింది. ఆడపిల్ల.

గున్నమ్మ బిడ్డను సునంద గుండెల మీద పడుకోబెట్టింది. ముందుగది చుక్క పాలు సిద్ధం చేయించింది, వెనకగది చుక్క ఆ పాలను బిడ్డ నోటిదాకా తెచ్చింది. బిడ్డ గుటక వేసిన చప్పుడు విని పీయూషమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

కాస్త తడి తగలగానే నాలుక మళ్ళీ లేచింది. "ఆహా! కాన్పు చేసిన రాణి!"

"చాలు ఊరుకో," అంది పీయూషమ్మ. "నేను చేసిందేముంది? అక్క ఇచ్చింది, గర్భాశయం మోసింది, అవటయ్య నన్ను ఓర్చుకున్నాడు, వృక్కన్నలు నీళ్ళు మిగిల్చారు. వాళ్ళకు దండం పెడదామంటే ఈ పీట దిగి పోలేను, పిలుద్దామంటే నా గొంతు అంతదూరం పోదు. నీకు మాటుంది. నా తరఫున ఒక్క మాట అనిపెట్టు నాయనా."

నాలుక సిగ్గుపడింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అది నిజమైన మాట కోసం కదిలింది.

ఆ రాజ్యం బయట గున్నమ్మ బిడ్డ ఒళ్ళు తుడుస్తోంది. సునంద కళ్ళు మూసుకొని మెల్లగా అంది. "అంతా మీ అందరి చలవే."

గున్నమ్మ చుట్టూ చూసింది. "అందరంటావేటమ్మా? గదిలో ఉన్నది నేనొక్కత్తినే కదా!"

సునందకు తను అలా ఎందుకన్నదో తెలియలేదు. లోపల మాత్రం, పైనుంచి కింది దాకా, ఎవరి చోట వాళ్ళు ఆ మాట విన్నారు.

పైవారు అందిస్తేనే, కిందివారు బదులు పలికితేనే ఎవరి పనైనా సాగుతుంది. ఆ ఇద్దరికీ కృతజ్ఞతగా ఉన్నవారే నిజమైన నాయకులు.