మొదటి వేటకు ఎవరెక్కాలి

చేతివేగం చూసుకుని మురిసిపోకు. ఎవరూ చూడని చోట నీ పని ఎలా ఉందో నీకు తెలుసు. తెలిసి కూడా తలెత్తుకు తిరుగుతున్నావే, అందుకు సిగ్గుపడు. గవర్రాజు కూడా నీలాగే తిరిగాడు.

లింగాచారి దగ్గర పన్నెండేళ్లు పడవల పని నేర్చినవాడు గవర్రాజు. చెక్కకీ చెక్కకీ మధ్య అతుకుల్లో దూది కూరి, నీరు చొరకుండా పైన గుగ్గిలం జిగురు పట్టించడంలో అంత చురుకైన చెయ్యి ఆ తీరాన మరొకటి లేదు. అయినా ముసలి గురువు తన తర్వాత పనిశాలను తోటి శిష్యుడు బంగారయ్యకు అప్పగిస్తాడని విన్నాడు. గవర్రాజుకు ఒళ్లు మండిపోయింది.

"నేను రెండు రోజుల్లో చేసే పనికి వాడికి ఐదు రోజులు కావాలి. ఒక్కో అతుకూ గుడ్డివాడు గోడ తడిమినట్టు తడుముతూ కూర్చుంటాడు. వాడిలో ఏం చూశారు గురువుగారూ?"

లింగాచారి చేస్తున్న పని ఆపలేదు.

"రేపు నువ్వు కూరిన పడవ మొదటి వేటకు పోతోంది కదా. వెళ్లిరా. వచ్చాక చెబుతాను."

అక్కడి ఆచారం అది. అతుకులు కూరినవాడు మొదటి వేటకు జాలర్లతోపాటు తానూ సముద్రంలోకి వెళ్లాలి.

తెల్లారింది. నలుగురు జాలర్లు పడవను నీటి అంచుకు తోశారు. గవర్రాజు కడుపు పట్టుకుని నిలబడ్డాడు.

"నొప్పి మెలిపెడుతోంది గురువుగారూ. ఇవాళ నావల్ల కాదు."

"ఇందాక చద్దన్నం రెండుసార్లు పెట్టించుకున్నావు కదరా," అన్నాడు జాలర్లలో పెద్దవాడు ఎర్రయ్య. "సముద్రాన్ని చూడగానే అరిగిపోయిందా?"

మిగతావాళ్లు నవ్వారు. లింగాచారి నవ్వలేదు. శిష్యుడి ముఖంలోకి ఒకసారి చూశాడు. పంచె ఎగ్గట్టి, డెబ్బై ఏళ్ల మనిషి, తానే పడవెక్కి కూర్చున్నాడు.

"తోయండి."

పడవ మొలలోతు నీళ్లు దాటుతుండగా గవర్రాజు పరుగెత్తుకెళ్లి అంచు పట్టుకున్నాడు.

"దిగండి గురువుగారూ. వెనకవైపు అడుగున దూది లేదు. ఉత్త గుగ్గిలమే పూశాను. తొందరగా అయిపోతుందని..."

ఎర్రయ్య చేతిలో తెడ్డు ఆగిపోయింది.

"రెండు అలలు తగిలితే ఊడిపోతుంది కదరా అది," అన్నాడు మెల్లగా.

లింగాచారి కోపంగా వాడి వైపు తిరిగాడు.

"నేనెక్కితే నీ నోరు పెగిలింది. ఈ నలుగురూ ఎక్కుతుంటే కడుపునొప్పి వచ్చింది. వీళ్లు నీకు మనుషుల్లా కనబడలేదా?"

గవర్రాజు పడవ అంచు వదిలాడు.

"బంగారయ్యను పడవెక్కమని నేను ఒక్కనాడూ చెప్పాల్సి రాలేదు," అని గురువు నీళ్లలోకి దిగాడు.

పడవను వెనక్కి లాగారు. బంగారయ్య వచ్చి గుగ్గిలమంతా గీకేసి మళ్లీ కూరాడు. ఐదు రోజులు పట్టింది. జాలర్లు ఒడ్డునే కూర్చున్నారు. ఒక్కడూ తొందరపెట్టలేదు.

గవర్రాజును గురువు వెళ్లగొట్టలేదు. వాడి చేతివేగమూ తగ్గలేదు. కానీ ఆ తీరాన మళ్లీ ఎవరూ వాడిచేత అతుకు కూరించుకోలేదు. చెక్కలు మోస్తూ, గుగ్గిలం కరిగిస్తూ ముసలివాడయ్యాడు.

ఒక ఏడాది వాడి అల్లుడు సొంత పడవ కట్టించుకుంటుంటే, పిలవకుండానే దూది చేతబట్టుకుని వెళ్లాడు. అల్లుడు మర్యాదగా లేచి చాప వేశాడు.

"మీరు కూర్చోండి మావయ్యా. బంగారయ్యగారు వస్తానన్నారు."

గవర్రాజు కూర్చున్నాడు.