ఉప్పుకనుమ మణికట్టమ్మ వెనకడుగులు

నల్లమల తూర్పు వాలులో, ఘాటు రోడ్డు మూడో మలుపు దగ్గర బస్సు దిగితే ఎడమవైపు ఒక కాలిబాట కనిపిస్తుంది. ఆ బాట వెంట పావుగంట నడిస్తే రెండు కొండల నడుమ ఇరుకైన సందు వస్తుంది. దానినే ఉప్పుకనుమ అంటారు. గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. నిలువునా లేచిన నల్లరాతి గోడ, దాని మీద రేకుల పందిరి, పందిరి కింద అమ్మవారు ఉంటారు. కొబ్బరికాయల అంగడి ఒక్కటే ఉంది. దానిలోనూ కొబ్బరికాయల కంటే ఉప్పు పొట్లాలే ఎక్కువ.

కొత్తగా వచ్చినవారు ఇక్కడ ముందుగా గమనించేది భక్తులు నమస్కరించే తీరు. ఎవరూ రెండు చేతులు జోడించరు. ఎడమచేత్తో తమ కుడి మణికట్టు పట్టుకుని నిలబడతారు. దూరం నుంచి చూస్తే ఊరంతా నాడి చూసుకుంటున్నదేమో అనిపిస్తుంది. దగ్గరికి వెళ్ళి రాతి మీది మూర్తిని చూస్తే ఆశ్చర్యం ఇంకా పెరుగుతుంది. అమ్మవారు కుడిచేత గొడ్డలి ఎత్తి ఉంటారు, ఎడమచేత్తో తన కుడి మణికట్టునే గట్టిగా పట్టుకుని ఉంటారు. ఆయుధం ఎత్తిన దేవతలను మనం ఎందరినో చూశాం. ఎత్తిన చేతిని తానే ఆపుకున్న దేవత ఎవరు, ఎందుకు ఆపుకున్నది అన్నదే ఈ క్షేత్ర కథ.

ఈ పుస్తకం వ్రాసినవాడు పండితుడు కాడు. ముప్పై ఒక్క సంవత్సరాలు మున్సిఫు కోర్టులో బెంచి గుమాస్తాగా పనిచేసి, వాదప్రతివాదాలు విని విని చెవులు అరిగినవాడు. పదవీ విరమణ తరువాత అమ్మవారి సన్నిధికి వచ్చి, పూజారులను, పూర్వం ఎద్దుల మీద ఉప్పు మోసిన పెరికెవారిని, కొండ దిగువ పల్లెలవారిని అడిగి ఈ కథను కూర్చాడు. ఒక్కొక్కరు ఒక్కొక్క రకంగా చెప్పినచోట, అందరూ ఒప్పుకున్నదానినే తీసుకున్నాడు.

పూర్వం ఇక్కడ గుడి లేదు, దారి మాత్రమే ఉండేది. సముద్రపు ఒడ్డున పండిన ఉప్పును పెరికెవారు గోనెలకెత్తి, ఎద్దుల వీపున వేసి, ఈ కనుమ గుండా పడమటి సీమకు చేరవేసేవారు. ఒక్కొక్క బిడారులో నలభై, యాభై ఎద్దులు ఉండేవి. కుంటి ఎద్దులూ అలసిన ఎద్దులూ వెనకబడతాయి గనుక వాటిని తోలుకుంటూ ఇంటి ఆడవారు బిడారు చివర నడవడం పెరికెవారి ఆచారం. ముళ్ళకంపలు నరకడానికి, ఎద్దులకు రొట్ట కొట్టడానికి వారి నడుముల్లో చిన్న చేతిగొడ్డళ్ళు ఉండేవి.

కనుమకు అధికారి వెంగళనాయుడనే పాలెగాడు. అతడు చెడ్డవాడు కాడు గాని, తొందరపాటు మనిషి. అంతకుముందు కనుమలో రెండు బిడారులు దారి కోసం పోట్లాడుకుని నలుగురు చచ్చారు. ఆ కోపంలో అతడొక కట్టడి చేశాడు. కావలివారు తప్ప ఎవరైనా కనుమలో మనిషి మీద ఆయుధం ఎత్తితే, ఎత్తిన చెయ్యి తీసెయ్యాలి. ఎందుకెత్తారని అడగడం ఆ కట్టడిలో లేదు.

ఒక ఎండాకాలం పొద్దున, పెరికె ఓబులక్క అనే ఆమె తన కోడలు తిరుపాలమ్మతో కలిసి బిడారు చివర నడుస్తోంది. తిరుపాలమ్మకు నెలలు నిండాయి. సరిగ్గా ఈ రాతిగోడ దగ్గరకు వచ్చేసరికి కుంటి ఎద్దు మీది తాడు తెగి, గోనె కింద పడి పగిలింది. ఉప్పంతా దారి వెడల్పునా పరుచుకుంది. బిడారు మలుపు తిరిగి వెళ్ళిపోయింది. అత్తాకోడళ్ళు ఉప్పు ఎత్తుకుంటూ వెనక మిగిలారు.

అప్పుడు కొండ మీది నుంచి ఈరప్ప దిగాడు. ఇతడు ఒకప్పుడు ఈ కనుమలోనే కావలివాడు. బిడారుల దగ్గర చాటుగా సొమ్ము లాగుతున్నాడని నాయుడు కొలువు నుంచి వెళ్ళగొట్టాడు. బిడారు చివర ఆడవాళ్ళే ఉంటారని అతనికి తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. అతని కన్ను తిరుపాలమ్మ కాళ్ళ వెండి కడియాల మీద పడింది.

ఓబులక్క ఎదురాడలేదు. తీసి ఇచ్చెయ్యమని కోడలికి చెప్పింది. తిరుపాలమ్మ కూర్చుని కడియాలు లాగింది. నిండు నెలల కాళ్ళు వాచి ఉన్నాయి. ఎంత లాగినా అవి మడమ దాటి రాలేదు. ఈరప్ప కాసేపు చూశాడు. తరువాత మొలలోంచి కత్తి దూసి, కడియాలు రాకపోతే కాళ్ళే వస్తాయన్నాడు.

ఓబులక్క కోడలిని లేపి తన వీపు వెనక్కి నెట్టి, అతని మీద నుంచి చూపు తిప్పకుండా వెనక్కి నడిచింది. ఒకటి, రెండు, మూడు. వద్దని చెబుతూనే ఉంది. అతడు వస్తూనే ఉన్నాడు. ఏడో అడుగుకు కోడలి వీపు రాతిగోడకు తగిలింది. ఇక పోవడానికి చోటు లేదు. అప్పుడు ఓబులక్క నడుములోని గొడ్డలి తీసి, కత్తి పట్టిన చేతి మీద ఒక్క దెబ్బ కొట్టింది. మోచెయ్యి విరిగింది. కత్తి ఎగిరి దారి పక్కనున్న లోయలో పడింది. ఈరప్ప కూలిపోయాడు.

కేక విని బిడారువాళ్ళూ కావలివాళ్ళూ పరుగెత్తుకు వచ్చేసరికి వారికి కనిపించినది ఇదే: కింద పడి ఉన్న ఒక మనిషి, అతని మీదుగా ఎత్తిన గొడ్డలితో ఒక ఆడది.

విచారణ మూడోనాడు జరిగింది. అంతవరకు నాయుడు కనుమను రెండువైపులా మూయించాడు. ఈరప్ప విరిగిన చేతికి కట్టు కట్టుకుని వచ్చి నేల మీద పొర్లాడు.

"దప్పికయి నీళ్ళడిగినా దొరా. అంతే. గోటితో పొయ్యేదానికి గొడ్డలి తీసింది. కత్తి అంటున్నారే, యాడుందో సూపమనండి" అన్నాడు.

కత్తి లోయలో ఉంది. ఆ లోయలో ఏనుగు పడ్డా దొరకదు. తిరుపాలమ్మ చెప్పిన సాక్ష్యం ఇంటి మనిషి సాక్ష్యమని పెద్దలు కొట్టివేశారు.

ఓబులక్క కుడిచెయ్యి చాచి చూపింది. "ఈ చెయ్యితోనే గోనె కడతా, ఈ చెయ్యితోనే సంకటి కలుపుతా. ఇది పోతే నా ఇంట్లో ఎద్దు కదలదు దొరా. అట్లని నేను కొట్టలేదని చెప్పను. కొట్టినా. పోను చోటు లేక కొట్టినా" అన్నది.

నాయుడు ఇరుకున పడ్డాడు. తాను చేసిన కట్టడి ప్రకారం ఆమె చెయ్యి తీయించాలి. మనసు మాత్రం ఒప్పుకోవడం లేదు. తీర్పు మరునాటికి వాయిదా వేసి ఇంటికి వెళ్ళాడు.

ఇతర క్షేత్రాలలో దేవతలు బ్రాహ్మీ ముహూర్తంలో కలలో కనిపిస్తారు. మన నాయుడికి కల మిట్టమధ్యాహ్నం, రాగిసంకటి తిని కునుకు తీసినప్పుడు వచ్చింది. ఇది కొంచెం చిన్నతనంగా ఉందని, తెల్లవారుజామున అని వ్రాయమని ఒకరిద్దరు నాకు సలహా ఇచ్చారు. విన్నది విన్నట్టు వ్రాయడమే నాకు అలవాటు. కలలో ఒక ముసలమ్మ, పాదాలకు ఉప్పు అంటుకుని ఉన్నది, అతని మంచం పట్టె మీద కూర్చుని ఇలా అన్నదట: "మాటలు ఎటు తిప్పితే అటు పోతాయిరా నాయనా. కాళ్ళు పోవు. పోయి ఉప్పు సూసుకో."

నాయుడు లేచిన వెంటనే అందరినీ తీసుకుని కనుమకు వెళ్ళాడు. మూడు రోజుల ఎండకు, తెల్లవారు చెమ్మకు ఉప్పు పెచ్చు కట్టి ఉంది. దాని మీద అడుగులు అచ్చు పోసినట్టు నిలిచాయి. నాయుడు వంగి ఒక్కొక్కటే చూశాడు. కోడలి అడుగులను తొక్కుతూ పడిన ఆడమనిషి అడుగులు ఏడు, మడమలు లోతుగా, వేళ్ళు తేలికగా. వెనక్కి నడిచినవారి అడుగులు అలాగే పడతాయి. వాటికి ఎదురుగా మగమనిషి అడుగులు, ప్రతిదానికీ వేళ్ళు లోతుగా దిగి ఉన్నాయి. ఏడో అడుగు తరువాత రాయి.

నాయుడు లేచి నిలబడి ఈరప్పను అడిగాడు. "నీళ్ళడిగినోడివి, ఆమె ఎనక్కి పోతుంటే ఏడడుగులు ఎందుకెంటబడినావురా?"

పెరికెవారు ఒక్కసారిగా కేకలు వేశారు. ఎవరో ఓబులక్క చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకున్నారు. కొట్టడానికి ముందు ఆమె సొమ్ము వదులుకుంది, చోటు వదులుకుంది, మాటతో ఆపి చూసింది. ఇంక వదులుకోవడానికి ప్రాణాలే మిగిలాయి, అవి కూడా ఒకటి కాదు, మూడు. చెయ్యి నిలిచింది. కథ ఇక్కడితో ముగిసినా ఎవరూ అడిగేవారు కాదు.

ఓబులక్క మాత్రం కదలలేదు. నాయుడి పాదాల వైపు చూస్తూ నిలబడింది.

"దొరా, మీ కాలి కింద ఇంకొకటుంది" అన్నది.

నాయుడు కాలు తీశాడు. అతని చెప్పు అంచున సగం చెరిగిన ఎనిమిదో అడుగు ఉంది. ఆడమనిషి అడుగే. కాని ఇది ముందుకు పడింది. వేళ్ళు ఉప్పులో లోతుగా దిగి, ఈరప్ప పడిన చోటు వైపు చూస్తోంది.

బిడారు పెద్ద ఆమెను ఊరుకోమని సైగ చేశాడు. ఆమె ఊరుకోలేదు.

"వాడు పడినాక వేసిన అడుగు ఇది. కత్తి లేదు, చెయ్యి లేదు, వాడింక మమ్మల్ని ఏం చెయ్యలేడు. నాకు బయం పోయింది. బయం పోయినాకనే కోపం వచ్చింది దొరా. సంపుదామనే గొడ్డలి లేపినా."

"మరి ఎందుకు ఆగినావు?"

"నేను ఆగలేదు. ఎవరో మణికట్టు పట్టుకున్నారు. కోడలనుకున్నా. తిరిగి సూస్తే నా ఎడమ చెయ్యే. పట్టుకోమని దానికి నేను సెప్పలేదు."

అందరికంటె ముందు ఏడ్చినవాడు ఈరప్ప. "నిజమే దొరా. కత్తి దూసింది నిజం. కడియాల కోసం వచ్చింది నిజం. రెండో దెబ్బ పడుంటే ఈ మాట సెప్పనీకి నేనుండను" అని నేలకు తల ఆనించాడు. పెద్దల విచారణ రాబట్టలేని నిజం ఆమె ఒక్క ఒప్పుకోలుతో బయటకు వచ్చింది.

నాయుడు అక్కడికక్కడే తన పాత కట్టడిని రద్దు చేశాడు. వెనక్కి వెళ్ళే చోటున్నంతవరకు ఆయుధం నడుముకే ఉండాలి, చోటు లేనప్పుడు చేతికి రావచ్చు, ఎదుటివాడు పడ్డాక మళ్ళీ నడుముకే పోవాలి అని కొత్త కట్టడి చేశాడు. పడని దెబ్బకు శిక్ష లేదన్నాడు. ఈరప్పకు మాత్రం శిక్ష వేశాడు. బతికినన్నాళ్ళు ఈ చోట దీపం పెట్టి, దారిన పోయే ప్రతి బిడారుకూ నీళ్ళు పోయాలి. నీళ్ళడిగానని అబద్ధమాడినవాడికి అది తగిన శిక్షే. మరుసటి ఏడు పెరికెవారు వచ్చేసరికి రాతిగోడ మీద అమ్మవారి రూపం తేలి ఉంది. చెక్కినవారెవరో ఎవరికీ తెలియదు.

భక్తులు తరచుగా అడిగే సందేహాలు రెండు ఉన్నాయి. ఏడు అడుగులే ఎందుకు? సప్తమాతృకల లెక్క అని పూజారులంటారు. అక్కడ ఉన్నదే అంత చోటని పెరికెవారంటారు. నేను మూడుసార్లు కొలిచాను. ఒకసారి ఆరున్నర వచ్చింది, అది నా మోకాలి దోషం. ఒక్క అడుగు చోటు కూడా లేనివారి సంగతేమిటని ఒక ఆడపిల్ల అడిగితే, ప్రధాన పూజారి ఇలా చెప్పారు: "ఉన్నంతే అమ్మ అడుగుతుంది తల్లీ. లేని అడుగు వెయ్యమని ఏ దేవతా అడగదు."

నేను కోర్టులో విన్న చట్టమూ దీనికి దగ్గరగానే ఉంటుంది. ప్రాణభయం మొదలైనప్పుడు ఆత్మరక్షణ హక్కు మొదలవుతుంది, భయం తీరినప్పుడు తీరిపోతుంది, అవసరానికి మించి హాని చేయరాదు, అధికారులను పిలిచే వ్యవధి ఉంటే పిలవాలి. వెనకడుగు వేసి తీరాలని మాత్రం చట్టం అనదు, అమ్మవారు అంటారు. భయం ఏ క్షణాన తీరిందో చెప్పడానికి ఎన్ని కేసుల్లో ఎందరు సాక్షులు తడబడ్డారో చూశాను. ఆ క్షణాన్ని తన నోట తానే చెప్పినవారిని నా ఉద్యోగంలో ఒక్కరిని కూడా చూడలేదు.

ఏటా చైత్రమాసం మొదటి మంగళవారం ఇక్కడ ఉప్పు పరుస్తారు. పోలీసు ఉద్యోగులు, అటవీ కావలివారు, పొలాల్లో ఒంటరిగా పనిచేసే స్త్రీలు, లైసెన్సు తుపాకులున్నవారు వచ్చి తమ ఆయుధాలు నడుముకు కట్టుకునే వెనక్కి ఏడడుగులు నడుస్తారు. ఎనిమిదో అడుగు ముందుకు వేసి, తాము ఎవరికీ చెప్పనిది అమ్మవారికి మెల్లగా చెప్పుకుంటారు. భయం ఉన్నవారికి ఒక్క దర్శనంతో భయం తీరుతుందని నమ్మకం. కోపం ఉన్నవారు మాత్రం నాలుగైదుసార్లు రావలసి ఉంటుందని పూజారులు నవ్వుతూ చెబుతారు.

చివరి సేవ సాయంత్రం జరుగుతుంది. ఓబులక్క వంశపు ఆడపడుచు ఒకరు గొడ్డలి ఎత్తి నిలబడితే, ఈరప్ప వంశంవారు ఆమె ఎదుట ఉప్పు మీద కూర్చుంటారు. ఓబులక్క చేతి దెబ్బ తిన్ననాటికి ఈరప్పకు పెళ్ళి కాలేదు, పిల్లలు లేరు. పోయిన ఏడు వచ్చిన అతని వంశంవారికి కనుమలో చోటు చాలక, బాట పొడుగునా రోడ్డు దాకా కూర్చున్నారు. ముసలివారు, కొత్త కోడళ్ళు, బడి పిల్లలు, ఒక తల్లి ఒడిలో పదకొండు రోజుల పసికందు. ఆడపడుచు ఎడమచెయ్యి మణికట్టు మీద పడగానే వాళ్ళంతా వరుసగా, ఇంటింటి పెద్ద తన ఇంటివారి తలలు లెక్కపెట్టి మరీ చెప్పే మాట ఒక్కటే.

"ఉన్నాం తల్లీ. మేమంతా ఉన్నాం."