సగం అడిగిన ప్రశ్న

ఆదోనిలో పత్తి మార్కెట్టు వెనుక వీధిలో గులాం జిలానీ అనే వ్యాపారి ఉండేవాడు. ధర్మసందేహం వస్తే సగం ప్రశ్న అడిగి, వచ్చిన జవాబును పూర్తి అనుమతిగా పుచ్చుకోవడం అతని అలవాటు.

ఒక వానాకాలంలో అతను మసీదుకు వెళ్ళి, ఊరికి కొత్తగా వచ్చిన మౌలానా సిబ్గతుల్లా గారిని, "హజ్రత్, జోరువాన కురుస్తుంటే నమాజు ఇంట్లోనే చేసుకోవచ్చా?" అని అడిగాడు.

"చేసుకోవచ్చు నాయనా" అన్నారు మౌలానా.

తన ఇల్లు మసీదుకు ఎదురుగానే ఉందని జిలానీ చెప్పలేదు. మర్నాటినుంచి ఎండ కాసింది. అయినా వారం రోజులు అతను మసీదు గడప తొక్కలేదు. అప్పటినుంచి వీధిలో ఎవరు ఎదురైనా, "ఏం సాహెబ్, వాన ఇంకా వెలవలేదా?" అని నవ్వేవారు. జిలానీ కూడా నవ్వేసి ఊరుకునేవాడు. అది నవ్వుకునే తప్పులాగే ఉండేది.

జిలానీ ఇంటికీ పక్కింటికీ ఒకటే గోడ. ఆ పక్కింట్లో సుంకమ్మ అనే వృద్ధురాలు ఒంటరిగా ఉండేది. జిలానీ పుట్టిన నెలలోనే అతని తల్లికి విషజ్వరం వచ్చి పాలు ఎండిపోయాయి. ఆ రోజుల్లోనే సుంకమ్మ పురిటిబిడ్డ చనిపోయాడు. గోడ అవతల పసివాడు ఏడుస్తుంటే ఆమె ఉండలేకపోయింది. వచ్చి ఎత్తుకుంది. తన పాలు ఇచ్చింది. వాడికి పళ్ళు వచ్చేదాకా ఇస్తూనే ఉంది.

మాటలు నేర్చిన కొత్తలో జిలానీ ఆమెను "అమ్మా" అనేవాడు. మీసాలు వచ్చాక "పెద్దమ్మా" అన్నాడు. మసీదు కమిటీకి సదర్, అంటే అధ్యక్షుడు, అయ్యాక, ఆమె ఎవరని ఎవరైనా అడిగితే, "పక్కింటావిడ" అనడం మొదలుపెట్టాడు. ఇతర మతస్థురాలి పాలు తాగి పెరిగానని చెప్పుకోవడం సదర్ హోదాకు చిన్నతనమని అతనికి తోచింది.

సుంకమ్మ నొచ్చుకుందో లేదో ఎవరికీ తెలియదు. "మా జిలానీ పెద్దమనిషైనాడు. పెద్దమనుషులకు చుట్టాలు తక్కువ ఉంటారులే!" అని జిలానీ భార్య ఖుర్షీద్‌తో అని నవ్వేది.

ఒక ఏడు రంజాన్ నెలలో సుంకమ్మ మంచం పట్టింది. ఖుర్షీద్ ఉపవాసం ఉంటూనే ఆమెకు జావ కాచి తాగించేది, పక్క మార్చేది. సుంకమ్మ చూపు అప్పటికే మందగించింది. ఒకనాడు ఆమె ఖుర్షీద్ చేయి పట్టుకుని, "అమ్మీ, పొయ్యేకాలం వచ్చింది. కన్నకొడుకు లేడు. జిలానీ చేత్తో గుక్కెడు నీళ్ళు పోయించు. ఇంకేమీ అడగను" అంది.

ఖుర్షీద్ ఆ మాట భర్తకు చెప్పింది. అతనికి అది సమయం కాదనిపించింది. ఆ సాయంత్రమే అతను ఏతెకాఫ్‌కు కూర్చోబోతున్నాడు. ఏతెకాఫ్ అంటే రంజాన్ చివరి పది రోజులూ మసీదులోనే తెర కట్టుకుని, బయటికి రాకుండా దైవధ్యానంలో గడపడం. కూర్చున్నవారిని పండుగ చంద్రుడు కనబడగానే పూలదండలు వేసి ఊరేగింపుగా ఇంటికి తీసుకువస్తారు. సదర్ హోదాలో అదే అతని మొదటి ఏతెకాఫ్. దండలు అప్పటికే పురమాయించారు.

జిలానీ మౌలానా దగ్గరికి వెళ్ళాడు.

"హజ్రత్, ఒక స్త్రీ జబ్బుగా ఉండి నన్ను చూడాలంటోంది. మన మతం కాదు. రక్తసంబంధం లేదు. నేను ఏతెకాఫ్‌కు కూర్చుంటున్నాను. వెళ్ళకపోతే తప్పా?"

"నీకు ఏమవుతుంది?"

"పక్కింటావిడ."

"చూసుకునేవాళ్ళు ఉన్నారా?"

"మా ఆవిడ చూసుకుంటోంది."

మౌలానా కొంచెం ఆలోచించారు. "పొరుగువారి హక్కు చాలా పెద్దది, జిలానీ. వారి మతం వేరైనంత మాత్రాన ఆ హక్కు తరిగిపోదు. నువ్వింకా కూర్చోలేదు గనుక ముందు వెళ్ళి పలకరించి రా. ఒకసారి కూర్చున్నాక మాత్రం రోగిని పలకరించడానికి బయటికి రానక్కరలేదు" అన్నారు.

జిలానీ చివరి మాట ఒక్కటే పట్టుకున్నాడు. ప్రశ్న సగమే అడిగిన మనిషి, జవాబులోనూ సగమే ఇంటికి తెచ్చుకున్నాడు. నేరుగా మసీదుకు వెళ్ళి తెర వెనుక కూర్చున్నాడు.

రోజులు గడిచాయి. ఒక మధ్యాహ్నం ఖుర్షీద్ మసీదు పక్కసందులోకి వచ్చి కిటికీ దగ్గర నిలబడింది.

"ఏమండీ, పెద్దమ్మ నోరు తెరవడం లేదు. నా చేతి నీళ్ళు పుచ్చుకోవడం లేదు. ముఖం గుమ్మం వైపే పెట్టుకుని ఉంది. ఎదురిల్లే కదా, ఒక్కసారి రండి."

"హజ్రత్‌ను అడిగాను. రానక్కరలేదన్నారు."

"పాల సంగతి చెప్పి అడిగారా?"

జిలానీ ముందున్న గ్రంథంలో పేజీ తిప్పాడు.

"అయితే వాన ఇంకా వెలవలేదన్నమాట" అని ఖుర్షీద్ వెళ్ళిపోయింది.

పండుగ ముందురోజు సాయంత్రం, అసర్ నమాజు ముగిసిన వేళ, మసీదు ముందునుంచి ఒక పాడె కదిలింది. మెట్ల మీద కూర్చున్న మౌలానా లేచి నిలబడ్డారు. పక్కనున్న ఒకాయన, "హజ్రత్, అది మనవాళ్ళది కాదు" అన్నాడు.

"పరమతస్థుడి శవం వెళుతుంటే ప్రవక్తవారు లేచి నిలబడ్డారు. అదీ ఒక ప్రాణమే కదా అన్నారు. నేనెంత?" అని మౌలానా పాడె ముందు నిప్పుకుండ పట్టుకున్న మనిషిని, "ఎవరు నాయనా పోయింది?" అని అడిగారు.

అతను సుంకమ్మ తమ్ముడి కొడుకు ఈరన్న. "మీ సదర్ సాహెబును అడుగు సామీ! మా అత్త పాలు తాగినోడు లోపల తెర కట్టుకుని సల్లగా కూసున్నాడు. ఆయన దోవ చూసి చూసి ముసల్ది పాయె" అని ముందుకు సాగిపోయాడు.

పాడె మలుపు తిరిగేదాకా మౌలానా నిలబడే ఉన్నారు. తర్వాత లోపలికి వెళ్ళి తెర తొలగించారు.

"ఆమె నీకు పాలిచ్చిందా?"

జిలానీ తల వంచుకున్నాడు.

"పాలిచ్చిన స్త్రీకి మన ధర్మంలో ఒకటే పేరుంది. తల్లి. తనకు పాలిచ్చిన ఆమె వస్తే ప్రవక్తవారు తమ పైవస్త్రం పరిచి కూర్చోబెట్టారని పెద్దలు చెబుతారు. నువ్వు నన్ను అడిగింది ఒక పక్కింటావిడ గురించి. తల్లి అని ఉంటే, అసలు కూర్చోవద్దు పొమ్మనేవాణ్ణి. వాడలో ఒకరు ఏతెకాఫ్‌కు కూర్చుంటే వాడంతటికీ చాలు. ఆ మూల ముసలి బుడన్ సాహెబు కూర్చునే ఉన్నాడు. ఇక్కడ నువ్వు లేకపోయినా లోటు లేదు. అక్కడ నువ్వు తప్ప ఇంకొకరు లేరు."

"ఇప్పుడేం చేయాలి హజ్రత్? దీనికి ఏదైనా పరిహారం..."

"తప్పిన నమాజును మళ్ళీ చేసుకోవచ్చు. తప్పిన ఉపవాసం మళ్ళీ ఉండవచ్చు. పశ్చాత్తాపపడితే అల్లా క్షమిస్తాడేమో, ఆయన దయామయుడు. కానీ ఆ నీళ్ళు మాత్రం ఇక పోయలేవు" అని మౌలానా తెర వదిలేశారు.

ఆ సాయంత్రం చంద్రుడు కనబడ్డాడు. జనం జిలానీకి దండలు వేశారు, కౌగిలించుకున్నారు, ఇంటి గుమ్మందాకా తీసుకువచ్చారు. పక్కింటికి తాళం వేసి ఉంది. అతను లోపలికి వచ్చేసరికి ఖుర్షీద్ ఒక చిన్న ఇత్తడి చెంబు కడుగుతోంది.

"చివరికైనా నీళ్ళు తాగిందా?" అని అడిగాడు.

"తాగింది. జిలానీ వచ్చాడు పెద్దమ్మా అని అబద్ధం చెప్పి నేనే పోశాను. పోస్తుంటే నా చేయి తడిమింది. ఆమె వేళ్ళు నా గాజుల దగ్గర ఆగిపోయాయి."

"ఏమంది?"

"ఏమీ అనలేదు. గుక్క మింగి, ముఖం గోడ వైపు తిప్పుకుంది" అంది ఖుర్షీద్. చెంబు బోర్లించి, మెడలో దండతో నిలబడిన భర్తను దాటుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నీతి: నిజాన్ని దాచి తెచ్చుకున్న అనుమతి ధర్మం ఇచ్చింది కాదు, మన స్వార్థం మనకు ఇచ్చుకున్నది, మనిషికి చెల్లించవలసిన హక్కును భక్తి చాటున ఎగవేసినవాడికి ఆ భక్తీ దక్కదు, ఆ మనిషీ దక్కదు.